సోల్ఫాలో రాసుకున్న అరుపుల పాట

ఆ సీడీలో ఉన్నవి నాలుగే పాటలు. అన్నీ కలిపి పంతొమ్మిది నిమిషాలు. అరుపులూ గిటార్ల హోరూ కలిసిన డెత్ మెటల్ అంటే చెవులు మూసుకునేవాళ్లకు పంతొమ్మిది నిమిషాలు కూడా ఎక్కువే. నాకు మాత్రం అంతకన్నా నిండైన సంగీతం ఇంతవరకూ తారసపడలేదు. ఈ మాట అంటే నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోనివ్వండి, వాళ్ల ఇళ్లల్లో మోగేదేమిటో నేను అడగను.

అప్పట్లో మేము భిలాయి సెక్టర్ 2లో, స్టీలు ప్లాంటు ఇచ్చిన క్వార్టర్లో ఉండేవాళ్లం. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై రెండు మూడేళ్లు అయి ఉంటుంది. నాన్న ప్లాంటులో ఫిట్టరు. నేను దుర్గ్ కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆదివారాలు మా తెలుగు చర్చి పాటల బృందం, క్వయర్‌లో ఆల్టో పాడేదాన్ని. నాకు తెలుగు చదవడం వచ్చింది కూడా అక్కడి పాటల పుస్తకం వల్లే. బయట అంతా హిందీయే.

ఆల్టో అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. సొప్రానో పాడే ఆడవాళ్లకు అసలు రాగం ఉంటుంది. సంఘం మొత్తం ఇంటికెళ్తూ కూనిరాగం తీసేది దాన్నే. ఆల్టో దానికి రెండు మెట్లు దిగువన, దాని వెనకాలే నడుస్తుంది. మేం మానేస్తే పాటలో ఏదో తగ్గిందని అందరికీ అనిపిస్తుంది, ఏం తగ్గిందో ఎవరికీ తెలియదు. ఏడేళ్లు పాడాను. నీ పార్టు బాగుందని ఒక్కరూ, మా అమ్మతో సహా, అనలేదు. నాకు ఆ కోపం ఉండేది, దాచుకోవడం దేనికి.

సీడీ ఇచ్చింది మా పెదనాన్న కొడుకు. హథ్‌ఖోజ్‌లో బోల్టులు చేసే చిన్న కార్ఖానాలో డ్రాయింగులు వేసేవాడు. ఆఫీసు కంప్యూటర్లో సీడీలు కాపీ చేసుకునే వీలుండేది. ఒకరోజు సైకిలు దిగుతూనే నా చేతిలో పెట్టి, "ఇది ఇను. గిటార్ మీద ధ్యాన్ పెట్టు. ఆడి అరుపులు ఛోడ్ దే" అన్నాడు. అట్ట లేదు, పాటల మాటలున్న కాగితం లేదు. బ్యాండు పేరు మార్కరుతో రాశాడు కానీ నా బొటనవేలి కింద వారంలోనే చెరిగిపోయింది. ఏదో చలిదేశం వాళ్లు అని మాత్రం చెప్పాడు.

మా ఇంట్లో పాటలు వినాలంటే టీవీకి తగిలించిన వీసీడీ ప్లేయరే దిక్కు. తెర నీలంగా మారి, మూలన పాట నంబరు కనిపించేది. నాన్న సెకండ్ షిఫ్టుకు వెళ్లి, అమ్మ కూరగాయలకు వెళ్లిన ఒక మధ్యాహ్నం పెట్టాను. మొదటి అరనిమిషం ఒంటరి గిటారు, మెత్తగా. ఆ తర్వాత ఒక్కసారిగా డ్రమ్ములు మీద పడ్డాయి, అమ్మ కుట్టుమిషను పెడలు ఆపకుండా తొక్కుతున్నట్టు. ఆపైన ఆ గొంతు. మనిషి గొంతని నమ్మడానికి కొంచెం సేపు పట్టింది. లేచి ఆపేద్దామనుకున్నాను. రిమోట్ పాడైపోయింది కాబట్టి టీవీ దాకా నడవాలి, బద్ధకించాను. ఆ బద్ధకానికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఎందుకంటే రెండో పాట మధ్యలో అరుపు ఆగింది. రెండు గిటార్లు మిగిలాయి. ఒకటి పైన రాగం తీస్తోంది, రెండోది దానికి రెండు మెట్లు కింద, అదే నడకతో. అది సొప్రానో, ఇది ఆల్టో. అచ్చంగా మేం ఆదివారం పాడేదే. ఒక్కటే తేడా. ఇక్కడ కింది గిటారు పై గిటారంత గట్టిగా మోగుతోంది. ఎవరూ దాన్ని తగ్గమనలేదు. కొన్నిచోట్ల పైది ఒకే స్వరం పట్టుకుని నిలబడితే, కింది గిటారే కదిలి పాటను దారి మళ్లిస్తోంది. నేను టీవీ ముందు గచ్చు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత నెలరోజులు రోజూ విన్నాను. విన్నకొద్దీ దాని పొట్టితనమే నాకు ముచ్చటేసింది. ఎక్కడా సాగదీత లేదు. మొదటి పాట తలుపు తోసుకుని వస్తుంది. రెండోది గుండె మీద చెయ్యి వేస్తుంది. మూడోది రెండు నిమిషాల ఒట్టి గిటారు, అలసిన మనిషి మెట్ల మీద కూర్చున్నంత సేపు. నాలుగోది లేచి వెళ్లిపోతుంది. ఇంకో పాట ఉంటే బాగుండునని మనకు అనిపించే చోట సరిగ్గా వదిలేస్తారు. కాలేజీ బస్సులో కళ్లు మూసుకుంటే మొదటి నుంచి చివరి దాకా మొత్తం తలలో నడిచేది. పెద్ద ఆల్బములు తర్వాత చాలా విన్నాను, ఒక్కదాన్నీ అలా నిండుగా మోసుకు తిరగలేకపోయాను.

ఒకరోజు నాన్న షిఫ్టు మారి ఇంట్లో ఉన్నప్పుడు విన్నాడు. గుమ్మంలో నిలబడి కాసేపు ఓర్చుకుని, "ఏటే అది? ఎవడికైనా కడుపులో నొప్పేటి?" అన్నాడు. ఫర్నేసుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి శబ్దం ఎక్కువైందని మంచం అవతలి గదిలోకి జరిపించుకున్నాడు.

ఇక్కడ మా క్వయర్ మాస్టారి గురించి చెప్పాలి. ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. చిన్నప్పుడు విజయనగరం వైపు మిషన్ బళ్లో సోల్ఫా నేర్చుకున్నారు. సోల్ఫా అంటే డో రే మీ అనే స్వరాలను అక్షరాలుగా, చుక్కలతో, అడ్డగీతలతో రాసే పద్ధతి. రెండు అడ్డగీతల మధ్య ముక్కను బారు అంటాం. మా క్వయర్‌కు అచ్చు పుస్తకాలు లేవు. ఎవరి పార్టు వాళ్లు నోట్‌బుక్కులో చేత్తో రాసుకోవాలి. నెలకోసారి మాస్టారు అందరి నోట్‌బుక్కులూ పట్టుకెళ్లి, ఎర్ర పెన్సిలుతో దిద్ది, బడి పిల్లలకు ఇచ్చినట్టు తిరిగి ఇచ్చేవారు. ఆఖరి పేజీ దాకా చూసేవారు. ఈ సంగతి నాకు తెలుసు. అయినా ఆ రెండు గిటార్ల పదహారు బార్లనూ నా నోట్‌బుక్కు చివర సోల్ఫాలో రాసుకున్నాను. దేన్నైనా గట్టిగా ఇష్టపడితే రాసుకోవడమే నాకు తెలిసిన పద్ధతి. పైన పేరు రాయలేదు. ఎంత వేగమో రాయలేదు. గిటార్లని కూడా రాయలేదు.

లెంటు రోజులు, అంటే గుడ్ ఫ్రైడే ముందరి ఉపవాస దినాలు, మొదలైన వారం. ప్రాక్టీసుకు వెళ్లేసరికి మాస్టారు నా నోట్‌బుక్కు విడిగా పట్టుకుని ఉన్నారు. అందరి ముందూ అడిగారు.

"ఇది నువ్వు రాసేవేటమ్మా?"

నేను తల దించుకున్నాను. కాదని చెప్పడానికే నోరు తెరవబోయాను, నిజం. కానీ మా చర్చిలో ఆడపిల్ల తల దించుకుందంటే అవునని, వినయంగా ఒప్పుకుందని అర్థం. నేను నోరు విప్పేలోపే ఆయన మొహం వెలిగిపోయింది.

"ముప్పై ఏళ్లయి నేను సెప్తున్నాను," అన్నారు అందరి వైపూ తిరిగి. "మనం పాడేవన్నీ సముద్రం ఒడ్డున మన ఊళ్ల నుంచి మూట కట్టి తెచ్చుకున్నవే. ఇక్కడ పుట్టిన పాట ఒకటుండాల. ఈ పిల్ల రాసింది సూడండి. ఆ ఆల్టో సూడండి. ఎవులికీ సాకిరీ సెయ్యట్లేదు అది. దాని కాళ్ల మీద అది నడుస్తన్నాది."

ఏడేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. నేను చేయని పనికి వచ్చింది. తీసేసుకున్నాను.

ఆయన పదవీ విరమణకు రెండు నెలలే ఉంది. క్వార్టరు ఖాళీ చేసి విజయనగరం వెళ్లిపోతారు. వెళ్లేలోపు భిలాయిలో పుట్టిన పాట ఒకటి క్వయర్‌తో పాడించాలన్నది ఆయన కోరిక. ఈ సంగతి చర్చిలో అందరికీ తెలుసు. సిలువ పక్కన నిలబడిన తల్లి గురించి నాలుగు లైన్లు తనే రాసి, నా పదహారు బార్ల మీద కూర్చారు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో పాడేందుకు సంఘ పెద్దలను ఒప్పించారు. నాన్న ఆ వారం ప్లాంటులో తన వర్క్‌షాపు మొత్తానికి మిఠాయి పంచాడు. నాకు ఆ మిఠాయి మింగుడు పడలేదు.

పాట మాత్రం ఎలా ఉందో చెప్పాలి. నేను వేగం రాయలేదు కాబట్టి మాస్టారు నిదానంగా పట్టారు. సీడీలో అరనిమిషంలో దూసుకుపోయే ఆ బార్లు మా నోట రెండు నిమిషాలు నడిచాయి. మొదటిసారి పాడి ఆపినప్పుడు టెనర్ పార్టు పాడే మగవాళ్లలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంత దుఃఖం ఉంది ఆ రాగంలో. డ్రమ్ములు తీసేసి, కరెంటు తీసేసి, కేకలు తీసేసి చూసినా చెక్కుచెదరకుండా నిలబడింది. వాళ్లు దాన్ని అంత వేగంగా ఎందుకు వాయిస్తారో నాకు ఆ రోజు అర్థమైంది. నెమ్మదిగా వాయిస్తే భరించడం కష్టం. ఆ చలిదేశం కుర్రాళ్ల మీద నా గౌరవం పదింతలైంది, నా మీద నాకున్నది అంతకంతకూ తగ్గింది.

గుడ్ ఫ్రైడే వారం మొదలయ్యే మట్టలాదివారానికి ముందు శనివారం మాస్టారు చెప్పారు. సోమవారం ఆరాధన క్రమం ప్రెస్సుకు వెళ్తుందట. కొత్త పాట కింద రాగం కట్టింది నేనని వేయిస్తారట. అచ్చులో నా పేరు. ఇక ఆగలేకపోయాను. మా వీసీడీ ప్లేయరును తువ్వాలులో చుట్టి, సైకిలు వెనక కట్టి, రెండు వీధుల అవతల ఉన్న ఆయన క్వార్టరుకు నడిపించుకుంటూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఆయన భార్య ఉతైలో కూతురింటికి వెళ్లింది. ఆయన ఒక్కరే ట్రంకు పెట్టెలు సర్దుకుంటున్నారు.

"ఏటమ్మా, ఇల్లంతా మోసుకొచ్చేసేవు?"

"మీరు ఒకటి వినాలి మాస్టారూ. పంతొమ్మిది నిమిషాలు. అయ్యేదాకా ఏమీ అనొద్దు."

ఆయన టీవీకి ప్లేయరు తగిలించాను. సీడీ పెట్టాను. నోట్‌బుక్కు చివరి పేజీ తెరిచి ఆయన ఒళ్లో పెట్టి, నేను తలుపు దగ్గర నిలబడ్డాను, తిడితే వెళ్లిపోవడానికి వీలుగా.

అరుపు మొదలవగానే ఆయన కనుబొమలు పైకి లేచాయి. తాళం వేద్దామని చెయ్యెత్తారు, వేగం అందలేదు, మళ్లీ ప్రయత్నించారు. రెండో పాట మధ్యకు వచ్చేసరికి ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పేజీ వైపు చూశారు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, గిటార్లతో పాటు అక్షరాల కింద నడిపించారు. నేను ఆయన మొహం చూడలేక పెన్సిలునే చూస్తూ ఉన్నాను. మిగిలిన రెండు పాటలూ కదలకుండా విన్నారు.

అంతా అయ్యాక తెర నీలంగా ఉండిపోయింది. "ఆ ముక్క మళ్లీ పెట్టు" అన్నారు. పెట్టాను. మళ్లీ పెట్టమన్నారు.

"పదకొండో బారులో సో రాసేవు," అన్నారు చివరికి. "ఆడు వాయించింది సే. సగం మెట్టు పైన. అందుకే అక్కడ గుండెలో గుచ్చుతున్నాది." పేజీలో దిద్దారు. "మరి ఆ అరిసేవోడి పార్టేది? రాసేవు కాదేం?"

"దానికి సుర్ లేదు మాస్టారూ, ఏ స్వరమని రాయాలి?"

"సుర్ లేపోతే లేపోయింది. ఆడి తాళం సూడు. ఒక్క మాట జారలేదు. మన టెనర్లకి ఇనిపించాల ఇది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన నవ్వలేదు. పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

"బాగుంది. శానా బాగుంది. కానీ మనది కాదు." నోట్‌బుక్కు మూసి అడిగారు. "నేనడిగిననాడు ఎందుకు సెప్పేవు కాదమ్మా?"

"ఆల్టో బాగుందన్నారు. ఏడేళ్లలో ఎవరూ అనలేదు. మీరు కూడా."

ఆయన పక్కనున్న ట్రంకు పెట్టె మూత దించి గడియ వేశారు. ముప్పై ఏళ్లుగా కోరుకున్నది చేతికందినట్టే అంది జారిపోయిన మనిషి. అది చేసింది నేను. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

"రేపు పెద్దలకి నేను సెప్తాను," అన్నారు. "తప్పు నాదే. అడిగి, జవాబు ఇనకుండానే మురిసిపోయేను. మీ నాన్నకి మాత్రం నువ్వే సెప్పాల." లేచి నోట్‌బుక్కు నా చేతికిచ్చారు. "గుడ్ ఫ్రైడేకి ఆరు రోజులున్నాది. నువ్వు రాయి."

"నాకు రాదు మాస్టారూ."

"ఇంత గోలలోంచి ఇంత సక్కటి ముక్క ఏరి రాసుకున్నావు. నీకు రాపోతే ఇంకెవులికి వస్తాది? బుధవారం పట్రా."

నాన్నకు చెప్పాను. "మిఠాయి అయితే పంచీసేను కదే, ఇప్పుడు ఏదో ఒకటి రాయాల్సిందే" అన్నాడు. ఆ రాత్రి మంచం తిరిగి టీవీ గదిలోకి జరిపించుకున్నాడు.

మూడు రోజులు ఏం రాసినా ఆ సీడీ లాగే వచ్చింది. రాయడం, కొట్టేయడం. మంగళవారానికి పేజీలన్నీ అయిపోయి, కాలేజీ రికార్డు బుక్కు వెనక అట్ట మీద పడ్డాను. చివరికి ఆ నాలుగు పాటలనే గురువుగా పెట్టుకుని వాళ్ల రాగం వదిలేశాను, వాళ్ల మర్యాద తీసుకున్నాను. చెప్పాల్సింది చెప్పి లేచి వెళ్లిపోవడం. కింది పార్టుకు పై పార్టంత అన్నం పెట్టడం. అంతే. ఎనిమిది బార్లు వచ్చాయి. ముందు ఆల్టో రాసుకుని, ఆ తర్వాత దాని మీద సొప్రానో కట్టాను. అలా ఎవరూ కట్టరని నాకు అప్పటికి తెలియదు.

బుధవారం మాస్టారు చూశారు. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివారు.

"ఇది నీదే," అన్నారు. "అనుమానం లేదు. రెండో లైన్లో ఊపిరి పీల్చడానికి సోటు లేదు. నాలుగో లైన్లో సొప్రానోలకి అందదు. ఇలాటి తప్పులు ఇంకొకరు సెయ్యలేరు."

ఊపిరికి ఒక చుక్క పెట్టారు. శ్రుతి ఒక మెట్టు దించారు. మరేదీ ముట్టుకోలేదు. తన నాలుగు లైన్లలో ఒక మాట మార్చి దీని మీద కూర్చారు. బుధ, గురువారాలు సాయంత్రం క్వయర్ నేర్చుకుంది. సొప్రానోలు మాత్రం సణుగుతూనే నేర్చుకున్నారు. మునుపటి పాటే బాగుండేదని ఒకామె నా మొహానే అంది. ఆమె అన్నది నిజం. ఇప్పటికీ నా ఎనిమిది బార్లూ ఒక పక్క, ఆ పదహారు బార్లూ ఒక పక్క పెడితే నేనూ ఆమె వైపే నిలబడతాను. ఆ స్థాయి వేరు.

శుక్రవారం చర్చి కిక్కిరిసింది. ఆరాధన క్రమంలో "కొత్త పాట" అని మాత్రమే అచ్చయింది, పేరు లేదు. మాస్టారు చెయ్యెత్తే ముందు సంఘం వైపు తిరిగి, "ఈ రాగం మన ఫిట్టరు గారి అమ్మాయి కట్టింది. ఇందులో తప్పులున్నాయి. ఇక్కడ పుట్టింది కనక ఇక్కడే దిద్దుకుందుము, నేనెల్లిపోయినాక కూడా" అన్నారు. నాన్న నాలుగో వరసలో తల దించుకున్నాడు.

మొదటి లైను పాడాను. రెండో లైను మొదట్లో, ఆయన పెట్టిన ఊపిరి చుక్క దగ్గర, నా పాట ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం రాలేదు. ఆల్టోలం ముగ్గురమే. మిగిలిన ఇద్దరికీ పాట ఇంకా సరిగ్గా రాదు, నన్ను పట్టుకునే నడుస్తున్నారు. వాళ్లిద్దరూ కూడా తడబడి ఆగిపోయారు. సొప్రానో ఒక్కటే పైన మిగిలింది. ఆయన కోరుకున్న పాట అందరి ముందూ నా వల్ల రెండోసారి చెడిపోతోంది.

మాస్టారు మా వరస దగ్గరకు రెండడుగులు జరిగారు. ఆయన క్వయర్‌ను నడిపినన్నాళ్లూ ఆరాధనలో ఆయన చెయ్యి చూడటమే గానీ గొంతు ఎవరూ వినలేదు. కుడిచేత్తో తాళం ఆపకుండానే, నా కళ్లలోకి చూస్తూ, ఆల్టోను ఆయన అందుకున్నారు. మగగొంతు, కింది స్థాయిలో, కొంచెం వణుకుతూ, ఒక్క స్వరం తప్పకుండా. మిగిలిన ఇద్దరూ ఆయన్ని పట్టుకుని లేచారు. నేను పాడలేదు. ఆఖరి బారు దాకా నా పార్టు ఆయనే పాడారు.